ఇరవై ఏళ్లుగా షెడ్డులో ఉన్న 1968 బీటిల్: ఇంజిన్ ముందా, తుప్పు ముందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కాకినాడ దగ్గర ఊళ్లో తాతగారి 1968 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1300 సీసీ ఇంజిన్, ఇరవై ఏళ్లకు పైగా రేకుల షెడ్డులో ఉండిపోయింది. ఇంజిన్ తిరగడం లేదు. వెనక సీటు ఎత్తితే కింద మట్టి కనిపిస్తోంది. ఊళ్లో మెకానిక్ మాత్రం "ఆయిల్ పోసి, బ్యాటరీ పెట్టి, గేర్లో వేసి నలుగురం తోద్దాం, స్టార్టయితే మిగతాది తర్వాత చూసుకోవచ్చు" అంటున్నాడు. ఆయన మాట వినాలా, ముందు బాడీ పని మొదలెట్టాలా, అసలు ఈ బండి బాగుపడుతుందా?

సూటిగా చెప్తాను. తోయొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు. ముందు బండిని పైకెత్తి కింద చూడండి. బాగుపడుతుందా లేదా అన్నది ఇంజిన్ తేల్చదు, తుప్పు తేలుస్తుంది. ఇంజిన్ ఎంత పాడైనా ఖర్చుకు ఒక లెక్క ఉంటుంది. పిస్టన్లు, బ్యారెళ్లు, హెడ్లు అన్నీ విడివిడిగా ఊడి వచ్చేవే, ఇవాళ్టికీ కొత్తవి దొరికేవే. బీటిల్ తయారీ మెక్సికోలో 2003 దాకా సాగింది, మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా బండ్లు వచ్చాయి. అందుకే విడిభాగాలకు కరువు లేదు, విదేశాల నుంచి తెప్పించుకునే ఓపిక ఉంటే చాలు. బాడీ కింద ఇనుము అలా కాదు. దానికి పట్టే గంటలు పని మొదలెట్టాకే తెలుస్తాయి. డబ్బులో సగానికి పైగా అక్కడికే పోతుంది.

వెనక సీటు కింద మట్టి కనిపించడం చూసి కంగారు పడకండి. బీటిల్‌లో బ్యాటరీ ఉండేది అక్కడే, కుడివైపు. యాసిడ్ ఒలికి ఆ మూల రేకు తినేయడం ప్రతి పాత బీటిల్‌లోనూ ఉన్నదే. ఆ నేల రేకు కుడి, ఎడమ రెండు ముక్కలుగా కొత్తది దొరుకుతుంది. భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

ఎక్కడెక్కడ చూడాలి

ఎత్తేటప్పుడు జాగ్రత్త. పక్కన రన్నింగ్ బోర్డు కింద ఉండే జాకీ పాయింట్లకు జాకీ పెట్టొద్దు. ఇరవై ఏళ్ల తుప్పు మీద అవి లోపలికి దిగబడిపోతాయి. ముందువైపు యాక్సిల్ బీమ్ కింద, వెనకవైపు టార్షన్ బార్ గొట్టం కింద జాకీ పెట్టి, ఎత్తాక స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల మీద మాత్రం వద్దు. చేతిలో ఒక స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, టార్చి ఉంటే చాలు.

మొదట ఫ్రేమ్ హెడ్. అంటే మధ్యలో వెన్నెముకలా పోయే టన్నెల్ ముందు కొస, యాక్సిల్ బీమ్ నాలుగు బోల్టులతో బిగిసే చోటు. ఇది డబ్బాలా మూసుకుపోయి ఉంటుంది కాబట్టి లోపల బురద, తడి చేరితే బయటికి తెలియదు. పైన నల్ల రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే మంచిది. డబ్‌మని చప్పగా మోగినచోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగబడిందంటే అక్కడ ఇనుము లేదు, రంగు మాత్రమే ఉంది.

తర్వాత హీటర్ ఛానెళ్లు. తలుపుల కింద, బండి పొడవునా రెండు పక్కలా పోయే గొట్టాలివి. ఇంజిన్ వేడిగాలిని క్యాబిన్‌లోకి తెచ్చేవి కూడా ఇవే, అందుకే లోపల బోలుగా ఉంటాయి. మన దగ్గర హీటరు ఎవరూ వాడరు, దాంతో వీటిని పట్టించుకునేవాడే ఉండడు. కానీ బాడీ మొత్తం వీటి మీదే నిలబడుతుంది. ఇవి పోతే బాడీ నడుం వంగుతుంది, తలుపు కింది మూల రాసుకుంటుంది. తలుపు తెరిచి వెనక అంచు పట్టుకుని పైకెత్తి చూడండి. అది కొద్దిగా ఆడితే కీలు పిన్ను అరిగిందని అర్థం. కీలు గట్టిగానే ఉండి కూడా తలుపు సరిగ్గా పడటం లేదంటే ఛానెల్ పోయిందనే.

ముందు ఫైర్‌వాల్ (క్యాబిన్ ముందుండే అడ్డగోడ) కింద అడ్డంగా ఉండే రేకును ఈ బండ్లవాళ్లు నెపోలియన్ టోపీ అంటారు. బాడీ ముందు బోల్టులు దిగేది దీంట్లోకే. స్టెప్నీ గుంత అడుగు, వెనక బంపరు బిగిసే చోట్లు, వెనక చక్రాల పైన బాడీ ఆనే చోట్లు కూడా పొడిచి చూడండి. 1968 నుంచి ముందు అద్దం కింద గాలి వచ్చే డబ్బా ఒకటి పెట్టారు. దాని నీళ్లు పోయే రబ్బరు గొట్టాల్లో ఆకులు ఇరుక్కుంటే నీళ్లన్నీ లోపలికే కారతాయి. కార్పెట్ తీసి అక్కడ చెయ్యి పెట్టి చూడాల్సిందే.

ఇప్పుడు లెక్క తేల్చుకోవచ్చు. నేల రేకులు రెండూ పోయి, హీటర్ ఛానెళ్లు రెండూ పోయినా సరే, చెయ్యొచ్చు. పని పెద్దదే గానీ దారి తెలిసిన పని. ఫ్రేమ్ హెడ్ కూడా పోయి, టన్నెల్ అడుగు రేకు కూడా పొడిస్తే దిగుతోందంటే ఆగి ఆలోచించండి. ఫ్రేమ్ హెడ్ కొత్తది దొరుకుతుంది. కానీ అది రెండు మి.మీ. అటూఇటూ అతికితే ముందు చక్రాలు ఎప్పటికీ నిటారుగా నిలబడవు. జిగ్ (కొలత తప్పకుండా బిగించి పట్టే చట్రం) ఉన్న షెడ్డులో తప్ప ఆ పని చేయించొద్దు.

కాగితాలు ఈ దశలోనే

ఇనుముకు ఒక్క రూపాయి పెట్టకముందే ఆర్‌సీ తీసి నంబర్లు సరిచూడండి. చాసిస్ నంబరు వెనక సీటు కింద టన్నెల్ మీద గుద్ది ఉంటుంది. ఇంజిన్ నంబరు డైనమో స్టాండు కింద క్రాంక్ కేసు మీద ఉంటుంది. నేల రేకులు కోసే టింకర్‌కు ఆ టన్నెల్ నంబరు చూపించి, దాని దరిదాపుల్లోకి గ్రైండర్ రాకూడదని ముందే చెప్పండి. సుబ్బరంగా ఉంటుందని నంబరు మీద ఎమ్రీ డిస్కు తిప్పేసినవాళ్లున్నారు. తర్వాత ఆర్టీఓ ఆఫీసులో ఆ బండిని ఎవరూ ఒప్పుకోరు.

ఇంకో సంగతి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండి చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే ఆ రిజిస్ట్రేషన్ వస్తుంది. అలా తీసుకున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే. రోజూ తిప్పాలన్నది మీ కోరికైతే మామూలు ఆర్‌సీ రెన్యువల్ దారి చూసుకోవాలి. ఏ దారైనా, కోసే ముందు, కోశాక, అతికాక ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఛానెళ్లు మార్చడం: ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే

బీటిల్ బాడీ, కింద పాన్ (టన్నెల్, నేల రేకులు కలిసిన అడుగు భాగం) రెండూ వేరు. చుట్టూ ఎం8 బోల్టులతో, ముందూ వెనకా కొన్ని పెద్ద బోల్టులతో బిగిసి ఉంటాయి. బోల్టులన్నీ ఊడదీసి, బాడీని పైకెత్తి పక్కన పెట్టి తాపీగా పని చేద్దామనిపిస్తుంది. ఛానెళ్లు పుచ్చిన బాడీని అలా ఎత్తితే మధ్యలో పుస్తకంలా మడుచుకుంటుంది. ఆ తర్వాత ఏ తలుపూ ఏ సందులోనూ పట్టదు.

అందుకే వరస ఇది. బాడీ పాన్ మీద ఉండగానే, తలుపులు పడినంత సరిగ్గా పడేలా చూసుకుని, ప్రతి తలుపు సందులో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి 25 మి.మీ. చదరపు గొట్టం, తలుపు మూసుకోవడానికి అడ్డు రాకుండా లోపలివైపున, రెండు చోట్ల వెల్డు చేయండి, ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా. ఎడమ నుంచి కుడికి క్యాబిన్ అడ్డంగా ఇంకో గొట్టం. తలుపు సందు మూలమట్టం కొలతలు, అంటే పై మూల నుంచి కింది మూలకు రెండు వైపులా, గోడ మీద రాసి పెట్టుకోండి. ఒకసారి ఒక్క పక్కే కోయాలి. పాత ఛానెల్ తీసేశాక కొత్తదాన్ని ముందు పాన్‌కు బోల్టులతో బిగించండి. బోల్టు రంధ్రాలే దాని చోటును చెప్తాయి. ఆ తర్వాత తలుపు తగిలించి సందు చూడండి. చుట్టూ 4 నుంచి 5 మి.మీ. ఒకేలా ఉంటే అప్పుడు టాకాలు, మళ్లీ తలుపు మూసి చూడటం, ఆ తర్వాతే పూర్తి వెల్డింగు. పాన్, బాడీ మధ్య రబ్బరు ప్యాకింగ్ మందాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. అది లేకుండా వెల్డు చేసి తర్వాత పెడితే తలుపు సందులు మళ్లీ మారిపోతాయి.

నేల రేకులకు సీఓటూ వెల్డింగ్ పెట్టించండి, 0.8 మి.మీ. తీగతో. మామూలు కరెంటు రాడ్డు ఈ పలచని రేకును కాల్చి రంధ్రాలు పెడుతుంది. గ్యాస్ వెల్డింగ్ రేకును అలలు అలలుగా వంచేస్తుంది. పాత స్పాట్ వెల్డులను 8 మి.మీ. బిట్టుతో తొలిచి రేకు విడదీయండి. కొత్త రేకు అంచున 30 మి.మీ.కు ఒకటి చొప్పున 6 మి.మీ. రంధ్రాలు కొట్టి, ఆ రంధ్రాలను వెల్డుతో నింపుకుంటూ పోవాలి. ఒకే వైపు వరసగా వేయకుండా అక్కడొకటి ఇక్కడొకటి వేస్తే రేకు వంగదు. రెండు రేకులు కలిసే ముఖాల మీద వెల్డింగుకు పనికొచ్చే జింక్ ప్రైమర్ కొట్టాలి, లేకపోతే ఆ సందులోనే కొత్త తుప్పు పుడుతుంది.

వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ బండిలోంచి బయటికి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనుకోవద్దు, ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట వెల్డు చేయొద్దు. కొన్ని రకాల క్లీనర్లలో క్లోరిన్ ఉంటుంది, మంట తగిలితే విషవాయువు వస్తుంది.

తుప్పు తీయడం

టింకర్ షెడ్డుల్లో సామాన్యంగా జరిగేది ఇదీ: తుప్పు మీద వైర్ బ్రష్ ఒకసారి తిప్పి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, చిల్లులుంటే ఫైబర్ గుడ్డ అంటించి, పైన మందంగా పుట్టీ. రంగేశాక అద్దంలా ఉంటుంది. రెండో వానాకాలానికి అక్కడే బుడగలు లేస్తాయి. పుట్టీ తడిని పీల్చుకుంటుంది, కింద తుప్పు ఆగలేదు, అంతే. పుట్టీ 2 మి.మీ. దాటాల్సి వస్తోందంటే రేకు పని పూర్తి కాలేదని లెక్క.

బోనెట్, తలుపులు, టాప్ లాంటి పెద్ద పలచని రేకులకు ఇసుక బ్లాస్టింగ్ వద్దు, రేకు ఉబ్బి సొట్టలు తేలుతుంది. వాటికి పెయింటు రిమూవర్, ఎమ్రీ పేపర్. ఫ్రేమ్ హెడ్, బీమ్, చక్రాల రిమ్ములకు బ్లాస్టింగే మంచిది. చిన్న సామాన్లకు, అంటే బ్రాకెట్లు, కీళ్లు, బోల్టులకు బెల్లపు మడ్డి అగ్గువ మందు. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో రెండు మూడు వారాలు ముంచి ఉంచండి. కంపు కొడుతుంది గానీ ఇనుమును తినకుండా తుప్పును మాత్రమే వదిలిస్తుంది. అల్యూమినియం, మెగ్నీషియం సామాన్లు మాత్రం దాంట్లో వేయొద్దు. బీటిల్ క్రాంక్ కేసు, గేర్‌బాక్సు కేసు మెగ్నీషియం మిశ్రమం అని గుర్తుంచుకోండి. వాటి దగ్గర యాసిడ్ కూడా వద్దు. మెగ్నీషియం ముక్కలకు, పొడికి నిప్పంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుకే.

ఇనుము తెల్లగా తేలాక ఆలస్యం చేయొద్దు. కోస్తా గాలికి రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. రంగు పని అంతా అయ్యాక హీటర్ ఛానెళ్ల లోపల, టన్నెల్ లోపల, తలుపుల అడుగున క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పును ఆపే మైనం) పొడవాటి గొట్టంతో కొట్టించండి. రంగు కంటే దీని మీదే బండి ఆయుష్షు ఆధారపడుతుంది. తలుపుల అడుగు నీటి రంధ్రాలు పుట్టీతో, వ్యాక్స్‌తో మూసుకుపోకుండా చూసుకోండి.

బిగుసుకున్న ఇంజిన్

తోస్తే ఏమవుతుందంటే, పిస్టన్లు బ్యారెల్‌కు తుప్పుతో అతుక్కుని ఉంటే రింగులు విరుగుతాయి. పిస్టన్లు కదిలినా, గైడ్లలో వాల్వులు పట్టేసి ఉంటాయి కాబట్టి పుష్ రాడ్లు వంగుతాయి. రెండూ ఒక్క తోపుతో అయిపోయే పనులే.

ఇంజిన్ దింపడం పెద్ద కష్టం కాదు. గేర్‌బాక్సుకు నాలుగు చోట్ల 17 సైజు నట్లు, ఒక పెట్రోలు గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్, హీటర్ కేబుళ్లు, నాలుగైదు వైర్లు. బరువు సుమారు 110 కిలోలు. వెనక్కి సమంగా లాగి, క్లచ్‌లోంచి షాఫ్టు బయటికొచ్చాకే కిందికి దించాలి. మధ్యలో వేలాడనిస్తే క్లచ్ ప్లేటు దెబ్బతింటుంది.

దించాక ఆయిల్ వంచేసి, రెండు పక్కలా వాల్వ్ కవర్లు తీసి, ముందు రాకర్ షాఫ్టులు విప్పండి. ఇక ఏ వాల్వు పట్టేసి ఉన్నా దాని మీద బలం పడదు. ప్రతి వాల్వు కొసను ప్లాస్టిక్ సుత్తితో చిన్నగా తట్టి చూడండి, స్ప్రింగుతో వెనక్కి ఎగరాలి. రానిదానికి గైడ్ దగ్గర ఆయిల్ వేస్తూ ఓపికగా తడుతూ ఉండాలి.

బీటిల్‌తో ఒక తిరకాసు ఉంది. మామూలు ఇంజిన్‌లో ప్లగ్ రంధ్రంలో ఆయిల్ పోస్తే పిస్టన్ చుట్టూ చేరుతుంది. ఇక్కడ బ్యారెళ్లు పడుకుని ఉంటాయి కాబట్టి పోసినదంతా కింది సగంలోనే నిలుస్తుంది, పైసగం ఎండిపోయే ఉంటుంది. అందుకే ఎలాగూ దించిన ఇంజిన్‌ను పక్కకు నిలబెట్టి, ఒక వైపు హెడ్ ఆకాశం చూసేలా పెట్టి, ఆ రెండు ప్లగ్ రంధ్రాల్లో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్), అసిటోన్ సమపాళ్లలో కలిపింది పోసి, ఇంకిపోతే మళ్లీ నింపుతూ రెండు మూడు రోజులు ఉంచండి. తర్వాత రెండో వైపు. అసిటోన్‌కు బీడీ నిప్పు చాలు, షెడ్డులో అందరికీ చెప్పి పెట్టండి.

ఆపైన ఫ్లైవీల్ పళ్లకు లీవరు పెట్టి అటొక్కసారి ఇటొక్కసారి ఊపాలి. కదిలించడం కాదు, ఊపడం. రెండు మి.మీ. ఆడితే చాలు, మళ్లీ ఆయిల్, మళ్లీ ఊపు. రెండు గజాల పైపు తగిలించి బలం పెడుతున్నారంటే ఆపేయండి. అప్పుడు హెడ్లు విప్పి, బ్యారెల్‌ను చెక్క ముక్క అడ్డం పెట్టి బయటికి తట్టి, గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపేది) కనబడగానే తోసేసి, పిస్టనూ బ్యారెలూ కలిపే తీసేయాలి. తుప్పు గుంటలు పడ్డ బ్యారెల్‌ను హోనింగ్ చేయించి కాలక్షేపం చేయకుండా 77 మి.మీ. సెట్టు నాలుగూ కొత్తవే వేయడం నయం.

క్రాంక్ కేసు పనికొస్తుందో లేదో ఒక చిన్న పరీక్షతో తెలుస్తుంది. క్రాంక్ పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకు, వెనక్కి లాగండి. డయల్ గేజ్ మీద 0.07 నుంచి 0.13 మి.మీ. లోపల ఆట ఉండాలి. చెవికి టక్కుమని వినిపిస్తోందంటే మెయిన్ బేరింగు కేసును అరగదీసింది, లైన్ బోరింగ్ (బేరింగు గూళ్లను వరసగా మళ్లీ తొలవడం) దాకా వెళ్లాలి. హెడ్లలో ప్లగ్ రంధ్రం నుంచి వాల్వ్ సీటు దాకా సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడండి. తిరిగి బిగించేటప్పుడు ఈ 10 మి.మీ. స్టడ్ల నట్లకు 32 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితో, వరస ప్రకారం. గట్టిగా ఉంటుందని ఇంకో పట్టు పడితే స్టడ్ మెత్తని కేసులోంచి ఊడి వస్తుంది. సంప్ కింద జల్లెడ ప్లేటు ఆరు చిన్న నట్లకైతే 7 న్యూటన్ మీటర్లే.

ఫ్యాన్ డబ్బా లోపల

రేకుల షెడ్డు, పక్కన వడ్ల బస్తాలు. ఎలుకలు ఫ్యాన్ డబ్బాను వదలవు. డబ్బా పైకెత్తితే సీటు స్పాంజి, కొబ్బరి పీచు, గుడ్డపేలికలు, ఊక కలిసి ఆయిల్ కూలర్ చుట్టూ మూటకట్టినట్టు కనిపిస్తాయి. పైనుంచి ఏమీ తెలియదు. అలాగే స్టార్ట్ చేస్తే ఇంజిన్ చక్కగా తిరుగుతుంది, ఇరవై నిమిషాల తర్వాత మూడో సిలిండర్ పట్టేస్తుంది. ఈ మోడల్‌లో ఆయిల్ కూలర్ ఎడమవైపు ముందున్న ఆ మూడో సిలిండర్‌కు గాలి దారిలో నిలబడి ఉంటుంది కాబట్టి అది మామూలుగానే వేడెక్కువ. గూడు ఉంటే చెప్పేదేముంది. డబ్బా విప్పి, ఫిన్నుల సందుల్లో సన్నని కడ్డీతో గీకి, కడిగి, గాలి కొట్టించాల్సిందే. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పాముల సంగతి కూడా మర్చిపోవద్దు.

ఇంజిన్ చుట్టూ ఉండే నల్ల రేకులు అలంకారం కాదు. చల్లగాలిని పైన, వేడిగాలిని కింద విడదీసి ఉంచేవి అవే. "అడ్డం" అని తీసి పారేసిన రేకులు, ఇంజిన్ చుట్టూ ఎండి రాలిపోయిన రబ్బరు పట్టీ, ప్లగ్ వైర్ల దగ్గర రేకు రంధ్రం మూసే రబ్బరు టోపీలు, అన్నీ తిరిగి రావాలి. ఒక్కటి లేకపోయినా ఇంజిన్ తన వేడిగాలిని తానే మళ్లీ పీలుస్తుంది. మన మే నెలలో అది చాలు హెడ్డు పోవడానికి.

ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే 15 మి.మీ. లోపలికి పోవాలి. బిగింపు కోసం డైనమో పుల్లీ రెండు సగాల మధ్య వాషర్లు తీసి బయట పెడతారు, వాటిని పారేయొద్దు. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగితే డైనమో పోయిందేమోలే అని ఇంటిదాకా నడపొద్దు. బెల్టు తెగిందంటే గాలి ఆగినట్టే, అక్కడికక్కడే ఆపాలి.

పెట్రోలు, బ్రేకులు, కరెంటు

ట్యాంకు నాలుగు బోల్టులతో ఊడుతుంది. లోపల బంకలా పేరుకున్న పాత పెట్రోలు, తుప్పు పొట్టు పూర్తిగా పోవాలి. టన్నెల్‌లో పోయే ఇనుప పైపులోంచి గాలి ఊది చూడండి, లోపలే చిల్లి పడి ఉండొచ్చు. రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి, ఇథనాల్ తట్టుకునేవి వేయండి, ప్రతి కొసకూ క్లిప్పుతో. బీటిళ్లు కాలిపోవడానికి పెద్ద కారణం ఇంజిన్ మీద కారే పెట్రోలే. కార్బొరేటర్‌లోకి పోయే ఇత్తడి గొట్టం వదులై ఊడి, పెట్రోలు డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మీద పడుతుంది. ఆ గొట్టాన్ని వేళ్లతో లాగి చూడండి. ప్లాస్టిక్ ఫిల్టరును ఇంజిన్ గదిలో వేలాడదీయొద్దు, గేర్‌బాక్సు పక్కన కింద పెట్టండి.

బ్రేకుల్లో మరమ్మతు అనే మాట లేదు. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవే. పాత హోసు లోపల ఉబ్బి మూసుకుపోతుంది. బయటికి బాగానే కనిపిస్తుంది, కానీ తొక్కిన బ్రేకు వదలదు. వెనక డ్రమ్ము నట్టు 36 సైజు, సుమారు 300 న్యూటన్ మీటర్లకు బిగిసి ఉంటుంది. చక్రాలు నేల మీద ఉండగానే, పిన్ను తీసి, పొడుగు పైపుతో వదులు చేయండి. ఉలి పెట్టి కొట్టనివ్వొద్దు. పాత షూ దుమ్ములో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

కరెంటు పనిలో రెండే చెప్తాను. గేర్‌బాక్సు నుంచి బాడీకి ఉండే ఎర్త్ పట్టీ కొత్తది వేయండి. అది పోతే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్, క్లచ్ కేబుళ్ల గుండా పోయి వాటిని కాలుస్తుంది. రెండోది, వెనక సీటు కింద బ్యాటరీ మీద మూత తప్పనిసరి. బరువైన మనిషి కూర్చుంటే సీటు స్ప్రింగులు టెర్మినళ్లకు తగిలి, సీటు పీచుకు నిప్పంటుకుంటుంది.

మొదటి స్టార్ట్

ఆయిల్ 2.5 లీటర్లు, మన ఎండలకు 20 డబ్ల్యూ 50. ఈ ఇంజిన్‌కు ఆయిల్ ఫిల్టరు లేదు, ఇనుప జల్లెడ ఒక్కటే, కాబట్టి 5,000 కి.మీ.కు ఒకసారి మార్చాల్సిందే. వాల్వ్ సందు 0.15 మి.మీ., ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు. కొన్ని పాత పుస్తకాల్లో 0.10 అని ఉంటుంది, 0.15 పెడితే ఎగ్జాస్ట్ వాల్వుకు నయం. డెల్కోలోని పాయింట్ల సందు 0.4 మి.మీ., ప్లగ్గులు 0.6 నుంచి 0.7. ఫైరింగ్ వరస 1, 4, 3, 2. టైమింగ్ పిస్టన్ పై కొసకు చేరడానికి 7.5 డిగ్రీల ముందు.

ప్లగ్గులు తీసేసి సెల్ఫ్ కొడుతూ ఉండండి, పది సెకన్లు తిప్పి కాసేపు ఆపుతూ, ఆయిల్ లైటు ఆరేదాకా. ఆరకపోతే ప్లగ్గులు పెట్టొద్దు, పంపు ఆయిల్ పట్టుకోలేదు. ఆరాక కంప్రెషన్ చూడండి. నాలుగూ చదరపు అంగుళానికి 100 పౌండ్లు దాటితే సంతోషం, 70 దగ్గర ఉంటే మళ్లీ హెడ్డు దాకా వెళ్లాలి. ఆ తర్వాతే ప్లగ్గులు, సీసాలోంచి కొత్త పెట్రోలు, పక్కన మంటలార్పే సిలిండరు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ కార్బొరేటర్‌ను దాని కోసం చేయలేదు. అంత ఇథనాల్‌కు ఇంధనం సుమారు 8 శాతం ఎక్కువ కావాలి, లేకపోతే మిశ్రమం పలచబడి హెడ్లు వేడెక్కుతాయి. నీళ్లతో చల్లబడే ఇంజిన్ దీన్ని ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు. మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచండి, 120 ఉంటే 125. యాభై కి.మీ. నడిపి ప్లగ్ తీస్తే కొస లేత గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే ఇంకో మెట్టు. నెలల తరబడి నిలపాల్సి వస్తే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి, ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది.

మొదటి 500 కి.మీ.కు ఆయిల్ మార్చి, జల్లెడ కడిగి, అందులో ఏం దొరికిందో చూడండి. నల్ల మడ్డి మామూలే, మెరిసే ముక్కలు మామూలు కాదు. అప్పుడే వాల్వ్ సందులు మళ్లీ కొలిచి, ఏ వాల్వుకు ఎంత ఉందో కాగితం మీద రాసుకోండి. కొద్దిగా మారడం సహజం. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ సందు మాత్రం వరసగా రెండుసార్లు తగ్గిపోయిందంటే, మళ్లీ సర్ది నడపొద్దు. ఆ వాల్వు సాగుతోంది, లేదా సీటు దిగిపోతోంది. దాని తల విరిగి పిస్టన్ మీద పడకముందే ఆ హెడ్డు విప్పాలి.